ఎడమచేతి హెలికాప్టర్

"నెలాఖరు ఆదివారం టోపీ ఆయన వచ్చి హెలికాప్టర్ పట్టుకుపోతాడు. మాటిచ్చేశాను" అని మామగారు ప్రకటించారు. ఇంట్లో ఎవరూ కిక్కురుమనలేదు. అనడానికి ఉన్నదే ఇద్దరు. కొడుకు మంచం కింద చెప్పులు వెతుక్కుంటున్నాడు, కోడలు టీ వడగడుతోంది. ఎవరూ ఉలకకపోయేసరికి ఆయన అదే మాట ఇంకోసారి చెప్పారు, ఈసారి గోడకి.

టోపీ ఆయన అంటే మామగారితో పాటు హెలికాప్టర్లు ఎగరేసే నేస్తం. ఆ హెలికాప్టర్ సంగతీ చెప్పాలి. మనుషులెక్కేది కాదు. మూరన్నర పొడవు, పైన రెండు పెద్ద రెక్కలు, తోక చివర రెండు చిన్న రెక్కలు, పొట్టలో బ్యాటరీ. నేల మీద నిలబడి రిమోటుతో ఎగరేస్తారు. అలాగని దాన్ని బొమ్మ అన్నారో, అయిపోయారే! మామగారు ఒంటికాలి మీద లేస్తారు. "బొమ్మయితే కింద పడ్డా ఏం కాదు. ఇది పడితే నా ప్రాణం పోతుంది" అంటారు.

ఆయన ముప్పై నాలుగేళ్ళు ఓడరేవులో క్రేన్ నడిపిన మనిషి. పైన అద్దాల గదిలో కూర్చుని, రెండు మీటలతో, కింద లారీలో కూర్చున్న డ్రైవరు తల కూడా ఎత్తనవసరం లేనంత మెత్తగా పెట్టెలు దించేవారు. ఉద్యోగం అయిపోయాక నేల మీద ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు కొన్నారు హెలికాప్టర్ని. దాన్ని గాల్లో ఒకచోట నిలబెట్టడానికే ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో విరిగిన రెక్కలన్నీ అటక మీద ఇప్పటికీ ఉన్నాయి, పారెయ్యనివ్వరు.

ఈ ఏడాది మొదట్లో మెట్ల మీద జారి, కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ బొటనవేలికి బలం రాలేదు, స్పర్శా రాలేదు. "కొంత వస్తుంది, అంతా రాదు" అన్నాడు డాక్టరు. కట్టు విప్పిన వారానికే ఆయన మైదానానికి వెళ్ళారు. హెలికాప్టర్ లేస్తూనే పక్కకి ఒరిగి, నేలని కొట్టుకుంది, రెక్కలు విరగకపోవడం అదృష్టం. ఇంటికొచ్చి, దాన్ని పెట్టెలో పెట్టి, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఇక అంతే. మూడు నెలలుగా ఆ కుర్చీ, ఆయన, ఎదురుగా గోడ.

కోడలికి బెంగ పట్టుకున్నది అక్కడే. హెలికాప్టర్ ఇంట్లో ఉన్నంతకాలం ఆయన ఏదో ఒకరోజు కుర్చీలోంచి లేస్తారని ఒక ఆశ. అది గడప దాటిందంటే ఇక లేవరు. మొగుడికి చెప్పింది. అతను బస్సు డిపోలో తెల్లవారుజాము షిఫ్టు చేసొచ్చి కళ్ళు మూతలు పడుతుంటే, "నాన్న ఇష్టం కదే. మనమేం చేస్తాం" అన్నాడు. మంచివాడే. కాకపోతే ఆ హెలికాప్టర్ అంటే అతనికి చచ్చేంత భయం.

మనమేం చేస్తాం అన్న మాట ఆమెకి గిట్టదు. పోయినదాని చోట ఏదో ఒకటి చెయ్యడమే ఆమె ఉద్యోగం. పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పంతొమ్మిదేళ్ళుగా ఉంది. చేరినప్పుడు అచ్చులకి ప్లాస్టర్ కలిపింది, తరవాత మైనం దిద్దింది, ఇప్పుడు చివరి నునుపు పని అంతా ఆమెదే. అక్కడ అందరూ పాలిష్ అక్క అంటారు. పళ్ళు ఊడిపోయినవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం, మెల్లగా మాటలే మానెయ్యడం ఆమె ఎరుగును. సెట్టు కుదిరిన రోజున అదే మనుషులు వాగుడుకాయలైపోవడమూ ఎరుగును. పోయినదాన్ని తెచ్చి అతికించలేం, దాని పని ఇంకోటి చేసేలా చూడగలం. ఇంత చిన్న సంగతి మామగారి విషయంలో తనకి మూడు నెలలు తట్టలేదని ఆమెకి తనమీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు పనికి వెళ్ళేముందు కుర్చీ ముందు పీట వేసుకుని కూర్చుంది.

"మామయ్యగారూ, రిమోటు మీద రెండు పుల్లలుంటాయి కదా. ఏది ఏం చేస్తుంది?"

"పుల్లలేంటి పుల్లలు! స్టిక్కులు" అన్నారు ఆయన, గోడ మీంచి చూపు తిప్పకుండానే.

"అదే, స్టిక్కులు."

ఆయన కాసేపు బెట్టు చేశారు. కానీ తెలిసిన పని గురించి ఎవరైనా అడిగితే నోరు కట్టుకుని కూర్చోగలిగే మనిషి కాదు. ఎడమ స్టిక్కు పైకి లేపుతుంది, కిందకి దించుతుంది, తోకనీ తిప్పుతుంది. కుడి స్టిక్కు ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచుతుంది. గాల్లో ఒకచోట నిలబెట్టేది ఆ కుడి స్టిక్కే. దానికి చాలా సన్నటి కదలిక కావాలి, క్షణం ఊరుకోకూడదు.

"అంటే కష్టమైన పనంతా కుడిచేతిదేనా?"

"మరి!"

"ఆ పని ఎడమచేతికి ఇచ్చి, ఎడమచేతి పని కుడిచేతికి ఇస్తే?"

ఆయన మొదటిసారి ఆమె వంక చూశారు. "ఏడేళ్ళు పట్టింది అమ్మాయ్, ఈ చేతికి అది పూర్తిగా వంటబట్టడానికి. ఇప్పుడు ఎడమచేత్తో అన్నం తినమన్నట్టుంది."

"రిమోటులో అలా మార్చడం కుదురుతుందా, కుదరదా? అది చెప్పండి ముందు."

"కుదరకేం! ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళు కొంతమంది అలాగే పెట్టుకుంటారు."

ఆ మాట నోరు జారాక వెనక్కి తీసుకోలేకపోయారు. ఆమె పెట్టె తెరిచేసింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ మొదటి వారం ఆమె తలప్రాణం తోకకొచ్చింది. రిమోటు తెర మీద చేతులు మార్చడం రెండు నిమిషాల పని. తీరా చూస్తే కుడి స్టిక్కు పైకి తోసి వదలగానే టక్కున మధ్యకి వచ్చేస్తోంది. "చూశావా? హెలికాప్టర్ని లేపే స్టిక్కు పెట్టినచోటే ఉండాలి. ఇది స్ప్రింగు లాగేస్తోంది. గాల్లో ఉండగా వేలు జారిందనుకో, దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది" అన్నారు మామగారు. అంటే రిమోటు విప్పి, ఒక పక్క స్ప్రింగు తీసి రెండో పక్క వెయ్యాలి. ఎలాగో ఆయనకి తెలుసు, చెయ్యగల వేళ్ళు ఈమెకున్నాయి. మైనం దిద్దే సన్నటి పట్టకారుతో ఆమె స్ప్రింగు పట్టుకుంటే, ఆయన ఎడమచెయ్యి ఎత్తి సైగలు చేశారు. రేవులో కిందున్నవాడు క్రేన్ మీదున్నవాడికి చేసే సైగలు. పైకి, ఇంకాస్త, ఆపు. నోటితో చెప్పొచ్చు కదా అంటే, "నోటితో చెబితే చెయ్యి వినదు" అన్నారు.

తరవాత బొటనవేలి సంగతి. కుడి స్టిక్కుని ఇక సన్నగా కదిపే పని లేదు, నెమ్మదిగా తొయ్యడమే. అయినా ఆ వేలు జారిపోతోంది, జారినట్టు ఆయనకి తెలియడం లేదు. ఆమె ఒక సాయంత్రం ల్యాబు నుంచి చిన్న గిన్నె, పొడి పట్టుకొచ్చింది. నీళ్ళలో కలిపి ముద్ద చేసి, "వేలు ఇందులో పెట్టండి. రెండు నిమిషాలు కదలకూడదు" అంది.

"నా వేలికి పళ్ళు కట్టిస్తావా ఏంటి?"

"మాట్లాడకండి. అచ్చు చెడిపోతుంది."

"మాట్లాడితే వేలెలా కదులుతుందే!"

కదిలింది. రెండోసారి ముద్ద కలపాల్సొచ్చింది. ఆ అచ్చులోంచి చిన్న గిన్నెలాంటి తొడుగు చేసి, స్టిక్కు చివర బిగించింది. ఆయన వేలు అందులో సరిగ్గా కూర్చుంది, బయటకి రాదు. పళ్ళ సెట్లకి వాడే ముడిసరుకే కాబట్టి చిగుళ్ళ రంగులో మెరిసిపోతోంది. కొడుకు డ్యూటీ నుంచి వచ్చి దాన్ని చూసి, "ఇది కరుస్తుందా?" అని అడిగాడు. మూడు నెలల తరవాత ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి నవ్వారు.

రోజూ పొద్దున్న ఆమె పనికెళ్ళేవరకు సాధన. రెక్కలు తిప్పే మోటారు తీగలు పీకేసి, హెలికాప్టర్ని బల్ల మీద పెట్టేవారు. రెక్కల కింద ఒక చిన్న పళ్ళెం ఉంటుంది. మూడు బుల్లి మోటార్లు దాన్ని వంచుతాయి, అది ఎటు వంగితే హెలికాప్టర్ అటు పోతుంది. ఆయన ఎడమ వేలు కదిపితే పళ్ళెం వంగేది. "ముందుకి" అనేది ఆమె. ఆయన వెనక్కి వంచేవారు. "కుడికి" అంటే ఎడమకి పోయేది. ఆయనకి ముక్కు మీద కోపం, దాన్ని వేలి మీద చూపలేరు కాబట్టి ఆమె మీద పడేది. రెండో వారానికి పది సార్లలో ఎనిమిది సార్లు సరిగ్గా వంచారు. ఆ రోజు ఇంకో ముద్ద అడిగి తిన్నారు.

"కీళ్ళు బిగుసుకుపోయాయి అమ్మాయ్. నెలల తరబడి పడుంది కదా. కొంచెం వదులు చెయ్యి" అని చెప్పింది కూడా ఆ రోజే. కీళ్ళంటే, ఆ పళ్ళేన్నీ మోటార్లనీ రెక్కలనీ కలిపే సన్నటి కడ్డీల చివర ప్లాస్టిక్ టోపీలు. ఒక్కోటి ఆవగింజకన్నా కాస్త పెద్ద ఇనప గుండు మీద కూర్చుంటుంది. మొత్తం పన్నెండు.

కొంచెం అన్నారు ఆయన. ఆ మాట ఆమె చెవిన పడింది గానీ చేతికి ఎక్కలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ చేతికి తెలిసింది ఒక్కటే: గరుకు అన్నది మిగలకూడదు. వెంట్రుకంత గరుకున్నా నాలుక పట్టేస్తుంది, సెట్టు వెనక్కొస్తుంది. ఆమె చేసిన సెట్టు ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదు. ల్యాబులో భోజనాల వేళ చిన్న గుడ్డ చక్రం మీద మెత్తటి పొడి వేసుకుని, పన్నెండు టోపీలనీ లోపల అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేసింది. తెచ్చి బిగిస్తే పళ్ళెం వెన్నలా కదిలింది. "నీ చెయ్యే చెయ్యి" అన్నారు మామగారు. ఆమె పొంగిపోయింది.

బుధవారం ఆమెకి సెలవు. మూతపడిన గోదాము వెనక ఖాళీ స్థలానికి వెళ్ళారు. పడిపోకుండా హెలికాప్టర్ కాళ్ళకి రెండు సన్నటి కర్రలు అడ్డంగా కట్టి, చివర్లకి నాలుగు ప్లాస్టిక్ బంతులు తగిలించారు. ఆయన మెడలో పట్టీతో రిమోటు వేలాడుతోంది. రెక్కలు తిరిగాయి, గడ్డి పడుకుంది, హెలికాప్టర్ జానెడు లేచింది. లేచిందే గానీ నిలబడలేదు. జ్వరమొచ్చినట్టు వణికింది. ఇటు లాగితే అటు, అటు లాగితే ఇటు. ఆయన చటుక్కున దించేశారు.

"చూశావా. ఇదీ నా చెయ్యి" అన్నారు.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోను తీశారు. "నెలాఖరుదాకా ఎందుకురా, ఈ ఆదివారమే వచ్చి పట్టుకుపో" అన్నారు టోపీ ఆయనతో. తరవాత వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఎగరెయ్యలేక కూర్చున్న మనిషిని మళ్ళీ ఎగరెయ్యమని లాక్కెళ్ళి, రెండోసారి పడేసింది తనే కదా అని ఆమె వంటింట్లో నిలబడి ఏడ్చింది.

గురువారం పొద్దున్న, ఇచ్చేసేదే అయినా మట్టితో ఎందుకివ్వాలని హెలికాప్టర్ని బల్ల మీద పెట్టి తుడుస్తోంది. రెక్క చివర గుడ్డతో పట్టుకుంది. వేళ్ళకి ఏదో తగిలింది. ల్యాబులో పళ్ళ సెట్టుని అచ్చు మీద పెట్టి రెండు వేళ్ళతో అటూ ఇటూ నొక్కి చూస్తారు, ఊగితే పనికిరాదు. అలాగే రెక్కని నొక్కింది. బుల్లి మోటార్లు కదల్లేదు. రెక్క మాత్రం బియ్యపుగింజంత ఊగింది. ఒక్కో కీలూ పట్టుకు చూసింది. అన్నీ లొడలొడ.

వదులు చెయ్యమంటే గుల్ల చేసి పెట్టింది. పాలిష్ అక్కట, పాలిష్! ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆదివారం దాన్ని పట్టుకుపోతే టోపీ ఆయన కొత్త కీళ్ళు వేసుకుంటాడు, ఆమె పేరు నిక్షేపంలా ఉంటుంది. ఈ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది, ఒక నిమిషం ఉంది కూడా. అవతలి గదిలో ఆయన ఎడమచేత్తో కుడి బొటనవేలిని పట్టుకుని, తప్పు చేసిన పిల్లని చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. అది చూశాక ఇక ఆగలేకపోయింది.

"మామయ్యగారూ, నిన్న వణికింది మీ చెయ్యి కాదు. నేను."

హెలికాప్టర్ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన రెక్క చివర పట్టుకున్నారు. పైకీ కిందకీ అన్నారు. ఇంకోసారి అన్నారు. రెండో రెక్క పట్టుకున్నారు.

"అన్నీనా?"

"పన్నెండూ."

"దేంతో చేశావ్?"

"పళ్ళకి పాలిష్ చేసేదాంతో."

ఆయన లేచారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నీకేమైనా బుద్ధుందా అమ్మాయ్! ఇదేమైనా పళ్ళ సెట్టా, నున్నగా ఉండటానికి? దీనికి ఎవరి నాలుక తగుల్తుందనుకున్నావ్? కొంచెం అన్నానా లేదా? కొంచెమంటే మీ ల్యాబులో ఇంతా?" పావుగంట తిట్టారు. ఆమె కాపురానికొచ్చిన పదకొండేళ్ళలో అంతలా ఎప్పుడూ తిట్టలేదు. గొంతు వీధిలోకి వినిపించింది. తిట్టే కొద్దీ ఆయన మొహం వెలుగుతోంది. తన చెయ్యి బాగానే ఉంది, చెడింది కోడలి పని! ఇంతకన్నా మంచి కబురు ఏముంది? ఆమె తల వంచుకుని, కడుపు నిండా తిట్లు తింది. అంత హాయిగా ఆమె మనసు ఈమధ్య ఎప్పుడూ లేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు.

"చేసేదేముంది, నా పెట్టెలో కొత్త కీళ్ళ పొట్లం ఉంది. తియ్యి."

పొట్లంలో పదే ఉన్నాయి. మిగతా రెండూ, పాతవాటిలో కాస్త నయమైనవి ఏరి, పట్టకారుతో చిన్నగా నొక్కి బిగించారు. కడ్డీల పొడవు సమానంగా ఉండాలి, అర చుట్టు తేడా వచ్చినా రెక్కలు కలవవు. ఆమె ఈసారి సొంత తెలివి వాడలేదు. ఆయన "కొంచెం" అన్నప్పుడల్లా "ఎంత కొంచెం?" అని అడిగింది. శనివారం సాయంత్రం ఒక రెక్క చివర ఎర్ర టేపు అంటించి గోదాము వెనక తిప్పి చూశారు. రెండు రెక్కలూ ఒకే ఎత్తులో తిరిగితే పక్కనుంచి ఒకే గీత కనిపిస్తుంది. రెండు గీతలు కనిపించాయి, ఎర్రది పైన. ఆపి, ఆ కడ్డీ అర చుట్టు తిప్పి, మళ్ళీ తిప్పితే ఒకే గీత అయింది. చీకటి పడుతోందని ఆయన లేపలేదు. "రేపు వాడి ముందే" అన్నారు. టోపీ ఆయనకి రావద్దని ఫోను చెయ్యండంటే మాత్రం ససేమిరా అన్నారు. ఇచ్చిన మాట ఫోనులో వెనక్కి తీసుకునే మనిషి కాదు.

ఆదివారం పొద్దున్నే, మామగారు అక్కడికే రమ్మని కబురంపడంతో టోపీ ఆయన నేరుగా గోదాము దగ్గరికి వచ్చాడు. వయసులో మామగారికన్నా రెండేళ్ళు చిన్న, ఎగరెయ్యడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. టోపీ ఎందుకు తియ్యడో ఎవరికీ తెలియదు. కొడుకు కూడా వచ్చాడు, మోటార్‌సైకిల్ హెల్మెట్ పెట్టుకుని. "ఎందుకైనా మంచిది" అన్నాడు పెళ్ళాంతో, హెల్మెట్ లోంచే.

"ఒకసారి లేపి ఇస్తాన్రా" అన్నారు మామగారు.

రెక్కలు తిరిగాయి. గులాబీరంగు తొడుగులో బొటనవేలు నెమ్మదిగా పైకి జరిగింది. హెలికాప్టర్ జానెడు లేచింది, మూరెడు లేచింది, నడుమెత్తున ఆగింది. కాస్త ఎడమకి జరిగింది. ఆయన ఎడమ వేలు కదిలిందో లేదో తెలియనంత కదిలింది, వెనక్కొచ్చింది. కుడికి పోబోయింది, ఆగింది. ఇక అక్కడే నిలబడింది. వణుకు లేదు. ఆయన పెదవులు బిగించి, రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. కొడుకు హెల్మెట్ తీసేసి మరీ చూశాడు. నిమిషమున్నర అయ్యాక ఆయన దించారు, చివర్లో కాస్త దబ్బున పడింది గానీ నాలుగు బంతుల మీదే పడింది.

"ఒరే, ఎడమచేత్తోనా!" అన్నాడు టోపీ ఆయన. "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు."

రిమోటు మెడలో వేసుకుని రెక్కలు తిప్పాడు. అతని చేతులకి అలవాటైన దారి వేరు. హెలికాప్టర్ లేవకుండా నేల మీదే పక్కకి జరజరా పాకింది, సరిదిద్దబోతే ఇంకా జోరుగా పాకింది. మామగారు "ఆపు, ఆపరా!" అని అరిచి, తనే స్టిక్కు కిందకి లాగేశారు. టోపీ ఆయన నోరెళ్ళబెట్టాడు. తొడుగులో వేలు పెట్టి చూశాడు, దూరలేదు.

"అన్నీ తిరగేసి పెట్టావు కదరా! సర్లే, మళ్ళీ పాత పద్ధతిలోకి మార్చుకుంటాను. గంట పని" అంటూ వంగి, హెలికాప్టర్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. అందులో అతని తప్పేమీ లేదు. రమ్మన్నారు, వచ్చాడు. ఇస్తానన్నారు, తీసుకున్నాడు.

మామగారు మాటిచ్చిన మనిషి. ఎడమచెయ్యి గాల్లో సగందాకా లేచి అక్కడే ఆగిపోయింది. టోపీ ఆయన బండివైపు నాలుగడుగులు వేశాడు.

"ఒరే" అన్నారు మామగారు. "ఇస్తానన్నప్పుడు అది నా ఒక్కడిది. ఇప్పుడందులో సగం మా అమ్మాయి పని. నా వాటా నీకిచ్చినట్టే, మాట తప్పను. ఆమె వాటా ఆమెనడుగు."

టోపీ ఆయన ఆమె వైపు తిరిగాడు. మొగుడూ తిరిగాడు.

"ఇవ్వను బాబాయ్‌గారూ" అంది. "కావాలంటే వచ్చే ఆదివారం మీ హెలికాప్టర్ పట్టుకురండి. ఇద్దరూ కలిసి ఎగరేసుకుందురుగాని."

టోపీ ఆయన ఆమెనీ, మామగారినీ మార్చి మార్చి చూసి ఫక్కున నవ్వాడు. మామగారు నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంటూ కసిరారు.

"విన్నావుగా! ఇంకా చంకలో పెట్టుకుని నిలబడతావేంట్రా? దించు కింద, రెక్కలు వంగుతాయి!"